సపోర్ట్ అడక్కండి, పని అడగండి

బరువు తగ్గాలనో షుగర్ అదుపులో పెట్టుకోవాలనో పట్టుదలగా మొదలుపెట్టి, రెండు నెలలు తిరక్కుండానే వదిలేసిన పెళ్లయినవాళ్లు తరచూ చెప్పే కారణం ఒకటుంది: "ఇంట్లో సపోర్ట్ లేదండీ." సపోర్ట్ అంటే సరిగ్గా ఏం కావాలి అని అడిగితే మాత్రం "అర్థం చేసుకోవాలి", "ఎంకరేజ్ చెయ్యాలి" అన్న దగ్గరే ఆగిపోతారు. అవతలి మనిషి ఏ పని చెయ్యాలి, ఎన్ని గంటలకు చెయ్యాలి, వారానికి ఎన్ని రోజులు అన్నది తేల్చి ఉండరు. నా వాదనంతా ఇక్కడే ఉంది. ఒకరు ఆరోగ్యం కోసం చేసే ప్రతి మార్పూ ఇంట్లో ఇంకొకరికి పనై తగులుతుంది. ఆ పని ఎవరిదో ముందే తేలితే పెద్దగా ప్రోత్సాహం లేకపోయినా నడిచిపోతుంది. తేలకపోతే ఎంత ప్రోత్సాహం ఉన్నా మూడో వారానికి ఆగిపోతుంది.

ఇంకో సంగతి. "జీవిత భాగస్వామి సహకారం" అని ఇద్దరినీ కలిపి ఒకే సలహా ఇవ్వడం మన ఇళ్లలో కుదరదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఖర్చు చేశారు. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టే మగవాళ్లే 26 శాతం. ఈ లెక్క ముందు పెట్టుకుని చూస్తే, మగవాడు డైట్ మొదలుపెడితే వచ్చే చిక్కు వేరు, ఆడది నడక మొదలుపెడితే వచ్చే చిక్కు వేరు. మొదటిదానికి కావలసినవి భార్య చేతులు. రెండోదానికి కావలసింది భర్త సమయం.

ఆయన డైటు, ఆవిడ పొయ్యి

"రేపట్నుంచి నాకు అన్నం వద్దు, జొన్నరొట్టె చాలు." ఈ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ జొన్నపిండిలో గ్లూటెన్, అంటే గోధుమపిండికి జిగురునిచ్చే ప్రొటీన్, ఉండదు, చపాతీ పిండిలా సాగదు. మరిగిన నీళ్లతో కలిపి, బాగా మెదిపి, చేత్తో తట్టాలి. అంచులు విరుగుతాయి. చల్లారితే గట్టిపడుతుంది కనుక మనిషి కూర్చున్నాక వేడివేడిగా చెయ్యాలి. రాయలసీమలోనో తెలంగాణలోనో రొట్టెలు తడుతుండగా చూస్తూ పెరిగినవాళ్లకు ఇది పెద్ద పని కాదు. కోస్తాలో అన్నం, పప్పు, పులుసు వండుతూ పెరిగిన చేతికి మాత్రం కొత్త విద్య. పైగా పిల్లలకీ పెద్దవాళ్లకీ అన్నం ఎలాగూ వండాల్సిందే. అంటే ఆయన "తగ్గించుకున్న" భోజనం ఆవిడకి ఇంకో వంట. పది రోజులు చేస్తుంది. పదకొండో రోజు ఒంట్లో బాగోకపోతే అన్నమే పెడుతుంది. అప్పుడు ఆయన "నువ్వే నా డైట్ పాడుచేస్తున్నావు" అంటాడు. ఆ మధ్య ఊరూరా నడిచిన కొబ్బరినూనె డైట్‌లు చాలా ఇళ్లలో నిలబడకపోవడానికి రుచి ఎంత కారణమో ఈ రెండో వంటా అంతే కారణమని నా అనుమానం.

అందుకే ఇంట్లో రెండు వంటలు పెట్టించే డైట్ ఏదైనా సరే, వండుకునే బాధ్యత తినేవారిదే కావాలి. అది కుదరదనుకుంటే ఉన్న వంటలోనే కొలతలు మార్చుకోవాలి. దీనికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకు లెక్క ఇచ్చింది: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ధాన్యాల బరువు వండకముందుది.

ఇప్పుడు దీన్ని మన గిన్నెలోకి దించుదాం. 250లో పొద్దున టిఫిన్‌కి ఓ 70 గ్రాములు పోతే, రెండు పూటలకూ మిగిలింది 180. పూటకు 90 గ్రాముల బియ్యం. వండితే సుమారు పావుకిలో అన్నం. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో 150 గ్రాముల దాకా బియ్యం పడతాయి. అంటే భార్యాభర్తలిద్దరికీ పూటకు కప్పున్నర కూడా అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు డాక్టర్ ఇంకా తగ్గించమనవచ్చు. కొర్రలో సామలో మార్చినా కొలత ఇదే. కొర్రన్నమైనా కంచం నిండా తింటే కంచం నిండా తిన్నట్టే.

మన కంచంలో అన్నం తగ్గించడం ఎందుకు కష్టమో కూడా చూడాలి. మనం అన్నం ఒక్కసారి పెట్టుకోం. పచ్చడితోనో పొడితోనో నెయ్యి వేసుకుని ఒక వాయి, పప్పుతో ఒకటి, కూరతో ఒకటి, చారుతో ఒకటి, చివర పెరుగుతో ఒకటి. ప్రతిసారీ "కొంచెమే" పెట్టుకున్నా అయిదు కొంచేలు కలిపితే కొండంత అవుతుంది. కాబట్టి మొత్తం అన్నం మొదటే ఒక్కసారి కంచంలో పెట్టుకుని, దాన్నే అయిదు భాగాలు చేసుకోవడం పనికొచ్చే పద్ధతి. లేదా చారు గ్లాసులో పోసుకుని తాగేసి, పెరుగన్నం బదులు మజ్జిగ తాగితే రెండు వాయిలు తగ్గుతాయి. ఈ మార్పుకి వంటింట్లో ఎవరికీ అదనపు పని లేదు. గిన్నె బల్ల మీద లేకుండా పొయ్యి దగ్గరే ఉంచితే ఇంకా మంచిది.

మరి ఆయన చెయ్యాల్సిన పని ఏమిటి? కూరగాయలు. మనిషికి 400 గ్రాములంటే ఇద్దరికి రోజూ 800 గ్రాములు. తోటకూర ఏరడం, గోరుచిక్కుడు నార తియ్యడం, కడగడం, తరగడం అన్నీ కలిపితే అరగంట తేలిగ్గా పడుతుంది. అన్నం తగ్గించమని అందరూ చెబుతారు గానీ, తగ్గిన అన్నం చోట పెరగాల్సిన కూర ఎవరు తరుగుతారో ఎవరూ చెప్పరు. డైట్ మొదలుపెట్టిన మగవాడు రాత్రి భోజనాలయ్యాక మర్నాటి కూరగాయలు తరిగి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే, ఆవిడని ఒక్క మాట అడక్కుండానే డైట్‌కి సగం సహకారం దొరుకుతుంది. ఆదివారం రైతుబజారు పని కూడా ఆయనదే. ఆకుకూరలు మాత్రం తరిగి ఉంచకూడదు, కడగకుండా ఏరి పొడిబట్టలో చుట్టి పెట్టాలి.

నూనె దగ్గర గొడవ ఎక్కువ. భర్త పొయ్యి పక్కన నిలబడి "అంత నూనెందుకు?" అన్నాడంటే ఆ రోజు వంట పాడైపోయినట్టే. వండేవాళ్ల చేతిని ఎవరూ కాపలా కాయకూడదు. కొలత పొయ్యి దగ్గర కాకుండా నెల సరుకుల దగ్గర పెట్టుకోండి. రోజుకు 27 గ్రాములంటే ఇద్దరికి నెలకు 1620 గ్రాములు. లీటరు నూనె 910 గ్రాముల చొప్పున, నెయ్యితో కలిపి లీటరుమ్ముప్పావు. ఇప్పుడు ఇద్దరికి నెలకు మూడు లీటర్లు అవుతుంటే మొదటి నెల రెండున్నర కొనండి, తర్వాతి నెల రెండుంపావు. ఒక్కసారిగా సగం తగ్గిస్తే వేపుడు అడుగంటుతుంది, పులుసు మీద తెట్టు కనపడదు, ఇంట్లో అందరూ అలుగుతారు. ప్యాకెట్టు నుంచి నేరుగా వంచడం మానేసి చెంచాతో వేస్తే చాలావరకు అదే తగ్గుతుంది. చిన్న చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, సుమారు 40 కేలరీలు. పోపుకి ఒకటో రెండో చాలు. దొండకాయ, బెండకాయ, బంగాళాదుంప లాంటి వేపుళ్లకు ముక్కని ముందు ఆవిరి మీద మగ్గించి, తర్వాత ఇనుప మూకుడులో వేయిస్తే మూడోవంతు నూనెతో సరిపోతుంది. గానుగ నూనె కదా అని ఎక్కువ పోసేవాళ్లుంటారు. ఏ నూనెకైనా గ్రాముకి 9 కేలరీలే.

బీపీ ఉంటే ఉప్పుదీ ఇదే పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. ఇద్దరికి నెలకు 300 గ్రాములు, ఆవకాయలో, అప్పడాల్లో, బయట తిన్నదాంట్లో ఉన్నది కూడా కలుపుకుని. నోటికి కొన్ని వారాల్లో అలవాటవుతుంది, కాబట్టి మెల్లగా దిగండి. సైంధవ లవణమూ సోడియమే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా అది కొనకూడదు.

ఆవిడ నడక, ఆయన గంట

పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలన్నది 2020 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇందులో 150ని మూడు రోజులకు పంచితే రోజుకు 50 నిమిషాలు. చెప్పులు మార్చుకుని పార్కుకి చేరడం, తిరిగొచ్చి స్నానం చెయ్యడం కలిపితే గంటా పావు. పిల్లలున్న ఇంట్లో ఆడవాళ్లకు ఈ గంటా పావు ఎక్కడ దొరుకుతుంది? ఆరు నుంచి ఏడుంపావు మధ్యే. పాలు కాగేదీ, ఇడ్లీ దిగేదీ, బాక్సులు సర్దేదీ, నీళ్లు వచ్చేదీ, స్కూలు బస్సు కోసం పరుగెత్తేదీ కూడా సరిగ్గా అప్పుడే.

"నువ్వు వాకింగ్‌కి వెళ్లు, నేనేమైనా వద్దన్నానా?" అని చాలామంది భర్తలు నిజాయితీగానే అంటారు. వద్దనకపోవడం ఒక్కటే సరిపోదు. ఆ గంటలోని పని ఆయన తలకెత్తుకోవాలి. అదీ "సాయం"గా కాదు. సాయం చేసేవాడు చట్నీకి పప్పులెక్కడున్నాయని ఫోన్ చేస్తాడు. పని తనదనుకున్నవాడు రాత్రే చూసుకుని పడుకుంటాడు. సోమ, బుధ, శుక్రవారాలు టిఫిను, బాక్సులు, పిల్లల స్నానాలు ఆయనవి. మొదట్లో ఇడ్లీ గట్టిగా వస్తుంది, పాప జడ వంకరగా ఉంటుంది, బాక్సులో పెరుగన్నమే పోతుంది. ఇక్కడ ఆవిడ చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ పనిని తిరిగి లాక్కోకూడదు. "మీకు రాదులెండి, నేనే చేస్తా" అన్న రోజుతో నడక అయిపోయినట్టే. ఆయన వైపు నుంచి జరిగే తప్పు ఇంకోటి. ఆవిడ వచ్చేసరికి సింకు నిండా గిన్నెలు వదిలేయడం. అప్పుడు పని తగ్గలేదు, వేళ మారిందంతే.

ఇద్దరూ కలిసి నడవాలనేది వినడానికి బాగుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కనుక అది జరిగే పని కాదు. పైగా ఇద్దరి నడక వేగం ఒకటి కాదు. మాట్లాడగలిగేలా, పాట పాడలేనంత ఆయాసంతో నడిస్తేనే అది ఓ మోస్తరు వ్యాయామం కిందికి వస్తుంది. వేగంగా నడిచేవారు తగ్గి నడిస్తే వాళ్లకు ఫలితం తగ్గుతుంది, మెల్లగా నడిచేవారు ఉరికితే మోకాళ్లు నొప్పి పుడతాయి. రోజు మార్చి రోజు ఒకరి తర్వాత ఒకరు వెళ్లడమే నయం. కలిసి నడవాలనుంటే రాత్రి భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు వీధిలో తిరగండి. తిన్న తర్వాత నడిస్తే షుగర్ ఎక్కువ ఎగబాకకుండా ఉంటుంది. కబుర్లకూ అదే సమయం.

చీకటితో వెళ్లాల్సి వస్తే కుక్కలు, లైట్లు లేని సందులు, వెంటబడే ఆకతాయిలు నిజమైన అడ్డంకులు. "భయపడకు" అనడం సహకారం కాదు. పార్కు దాకా బండి మీద దింపడమో, వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో జత కలిసేలా చూడటమో సహకారం. అత్తగారు ఇంట్లో ఉంటే, "పొద్దున్నే పొయ్యి వదిలేసి షికారేంటి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు. అది కూడా నడక మొదలయ్యే ముందే, ఒక్కసారే, "డాక్టర్ చెప్పారు, ఆ టైములో వంటిల్లు నేను చూస్తానమ్మా" అని.

వెళ్లే వీలే లేని రోజుల్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడుసార్లు, గోడకు చేతులానించి పుషప్స్ కూడా అన్నే, లీటరు సీసాలు రెండిటి నిండా నీళ్లు పోసుకుని పైకెత్తడం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. నలభై దాటిన ఆడవాళ్లకు ఇది నడక కంటే తక్కువదేమీ కాదు, కండ కరగడం, ఎముక బలహీనపడటం మొదలయ్యే వయసది. ఆ ఇరవై నిమిషాలూ తలుపు తట్టకుండా పిల్లల్ని పట్టుకోవడం ఆయన పని.

తిండి విషయంలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఉన్న జబ్బు ఒకటి చెప్పుకోవాలి. మిగిలింది పారెయ్యలేక తినడం. పిల్లవాడు వదిలేసిన సగం దోసె, అడుగున మిగిలిన పులిహోర. ఇంట్లో అందరికీ కలిసి వడ్డించి, ఆవిడ కూడా అదే వేళకు కూర్చుంటే ఇది చాలావరకు పోతుంది. శనివారం ఒంటిపూట పేరుతో రాత్రి అన్నం మానేసి రెండు పెసరట్లు, ఉప్మా తినడం కూడా అలాంటిదే. అన్నం మానామన్న తృప్తి తప్ప, నూనె లెక్క చూస్తే మిగిలేది తక్కువ.

ఎలా అడగాలి

భోజనం ముందు కూర్చున్నప్పుడు అడక్కండి. రిపోర్టు వచ్చిన రోజు భయంలో అడక్కండి. పెద్దవాళ్ల ముందు అసలే అడక్కండి. ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ఒకే ఒక పని, రోజులతో, గంటలతో, గడువుతో అడగండి. "మీరు నన్నసలు పట్టించుకోరు" అంటే జవాబుగా ఇంకో ఫిర్యాదు వస్తుంది. "సోమ, బుధ, శుక్రవారాలు ఆరు నుంచి ఏడుంపావు దాకా పిల్లల పని మీరు చూడండి. మూడు వారాలు చూద్దాం, కుదరకపోతే వేళ మార్చుకుందాం" అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు. కాదంటే ఎందుకో కూడా అప్పుడే బయటపడుతుంది. అలాగే ఆయన, "రోజూ రాత్రి కూరగాయలు నేను తరుగుతాను, నువ్వు నూనె చెంచాతో వెయ్యి చాలు" అంటే బేరం సమంగా ఉంటుంది. బేరమే అనుకోండి, తప్పేముంది?

అవతలివారి అయిష్టం వెనక తరచూ కనిపించే కారణాలు కొన్ని. డబ్బు: జిమ్‌కి ఏడాది ఫీజు ఒక్కసారే కట్టి మూడు నెలలకే మానేసిన చరిత్ర ఉంటే ఆ అనుమానం న్యాయమే, నెల నెలా కట్టండి. ప్రొటీన్ పౌడర్ మీద భయం: తీసిపారెయ్యకండి, పోషకాహార సంస్థే 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దంది. అరవై కిలోల మనిషికి రోజుకు కావలసిన 50 గ్రాములు పప్పు, పెరుగు, గుడ్లు, చేపల్లోంచి వచ్చేస్తాయి. సాయంత్రం కలిసి తినే మిరపకాయబజ్జీ పోతుందన్న దిగులు: బజ్జీ పోయినా టీ ఉంచండి, ఆ పావుగంట ఉంచండి. ఇక నాలుగోది పైకి చెప్పరు. "ఇప్పుడు నన్ను కూడా మారమంటావు కాబోలు" అన్న బెదురు.

అందుకే రెండోవారికి నీతులు చెప్పకండి. చెప్పకుండానే జరిగేది కొంత ఉంది. 2015లో అచ్చయిన ఒక ఇంగ్లండ్ అధ్యయనంలో 3,722 జంటల్ని చూశారు. భాగస్వామి మొదట్నుంచీ మంచి అలవాట్లతో ఉన్నదానికంటే, అదే కాలంలో తనూ మారినప్పుడు రెండోవారు మారే అవకాశం ఎక్కువని తేలింది. 2018లో అమెరికాలోని కనెక్టికట్ పరిశోధకులు 130 జంటల్లో ఒక్కొక్కరినే బరువు తగ్గే కార్యక్రమంలో చేర్చుకుంటే, ఆర్నెల్లలో చేరని భాగస్వాముల్లో 32 శాతం మంది తమ బరువులో 3 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గారు.

కాపలా మాత్రం పనికిరాదు. పెళ్లిభోజనాల్లో పదిమంది ముందు "నీకు షుగర్ కదా, ఆ బొబ్బట్టు పక్కన పెట్టెయ్" అన్న భార్య ప్రేమతోనే అంటుంది. ఫలితం, మర్నాటి నుంచి ఆయన స్వీటు ఆఫీసు దగ్గర తింటాడు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అది బయటపడుతుంది, అప్పుడింకో గొడవ. గుర్తుచేయవచ్చా, ఎప్పుడు, ఏ మాటతో అన్నది ముందే ఒప్పందం చేసుకోండి. ఒప్పందం లేని చోట నోరు మెదపొద్దు. కొసరి వడ్డించడమూ అంతే. మన దగ్గర "వద్దు" అంటే వండినవారిని కాదన్నట్టు. "అన్నం చాలు, కూర ఇంకొంచెం వెయ్యి" అంటే వడ్డించే చేతికి పని దొరుకుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

షుగర్‌కి మందులు వాడుతున్నవారి ఇంట్లో మాత్రం భాగస్వామికి తప్పనిసరిగా తెలిసుండాల్సింది ఒకటుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా అన్నం తగ్గించినా, కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నా, కొత్తగా గంటసేపు నడిచినా షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం. కారణం లేని చిరాకు కూడా ఒక లక్షణమే. దాన్ని మొండితనం అనుకుని వాదన పెట్టుకునే ఇళ్లున్నాయి. అప్పుడు మూడు, నాలుగు చిన్న చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసి, పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. లడ్డూ, చాక్లెట్ పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. డైట్ మొదలుపెట్టే ముందు మందుల మోతాదు గురించి డాక్టర్ని అడగాలి. ఆ ఒక్కసారికైనా ఇద్దరూ కలిసి వెళ్లడం మంచిది. నెలలో ఎన్ని రోజులు అన్నం తగ్గిందో, ఎన్నిసార్లు బయట తిన్నారో వంటిల్లు చూసేవారికి బాగా తెలుస్తుంది.

మూడు వారాల గడువు పూర్తయ్యాక కూర్చున్నప్పుడు బరువు ఎంత తగ్గిందన్న మాట ఎత్తకండి, అంత తక్కువ కాలంలో కనిపించే తేడాలో నీళ్ల హెచ్చుతగ్గులే ఎక్కువ. ఒప్పుకున్న తొమ్మిది పొద్దుల్లో ఎన్ని జరిగాయి, జరగనివి ఎందుకు జరగలేదు అని మాత్రం చూడండి. బుధవారాలు తప్పుతుంటే గురువారానికి మార్చండి. జడ దగ్గరే ఆలస్యమవుతుంటే ఆ ఒక్క పనీ రాత్రికి జరపండి. మిగతావి అలాగే ఉంచి ఇంకో మూడు వారాలు నడపండి.